మూడో గేటు సీసా

మా ఫ్రిజ్ తలుపుకి మూడు అరలు. పైది గుడ్లకి, కిందిది పాలకి. మధ్యది ఎవరిదన్నదే ఆ ఆదివారం పొద్దున తగువు. నిమ్మరసం, తేనె, అత్తగారి కంటి మందు అక్కడే ఉండాలని పెళ్ళైన కొత్తలోనే నేనొక పద్ధతి పెట్టుకున్నాను. లేచి చూసేసరికి అవన్నీ లోపల కూరగాయల మీద పడున్నాయి. వాటి చోట నాలుగు ప్లాస్టిక్ సీసాలు వరసగా నిలబడున్నాయి. ఒక్కోదాని మీద నీలం సిరాతో అంకె, గేటు, తేదీ.

మా ఆయన నీళ్ళ పరీక్షల ఆఫీసులో నమూనాలు తెచ్చే ఉద్యోగి. నెలకోసారి నది వెంట పోయి, పొలాలకి నీళ్ళు వదిలే నాలుగు గేట్ల దగ్గర సీసాలు నింపుకొస్తారు. ల్యాబ్‌లో చూసి, నీళ్ళు పంటకి పనికొస్తాయంటే ఆ గేటు తెరుస్తారు. ఉప్పు మోతాదు మించితే మూసి ఉంచుతారు. గేట్ల కింది రైతులకి ఆయన పేరు తెలియదు, సీసాల సారు అంటారు. తెచ్చిన సీసాలు ఆ రోజే ల్యాబ్‌లో ఇవ్వాలి, ఇంటికి తేకూడదు. కానీ శనివారం బండి టైరు పంచరై, ఈయన ఊళ్ళోకి వచ్చేసరికి ల్యాబ్‌కి తాళం వేసేశారు. సోమవారం దాకా చల్లగా ఉంచడానికి మా ఫ్రిజ్ తప్ప ఆయనకి వేరే దారి తోచలేదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే తగువు పడ్డాను. నది మా ఇంట్లోకి వచ్చింది, రేపు చేపలు కూడా వస్తాయా అని అడిగాను. ఒక్కరోజు సర్దుకోలేవా అని ఆయన అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. "కెమిస్ట్రీ చదివినదానివి, సీసా విలువ నీకు నేను చెప్పాలా?" అని కూడా అన్నారు. చదివి ఇరవై రెండేళ్ళైంది. ఆ చదువుతో నేను చేసిందల్లా మరకలు పోగొట్టడం, కూతురి చేత లెక్కలు చేయించి హాస్టల్‌కి పంపడం. ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వంటింటి గుమ్మంలో కూర్చున్న అత్తగారు, "ఆ అరకి మధ్యలో గట్టు వేసి చెరిసగం పంచుకోండర్రా" అన్నారు. ఇద్దరమూ నవ్వలేదు. ఆయన క్షౌరానికి వెళ్ళిపోయారు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, నేను సీసాలు తీసి, పక్కనున్న సింకు అంచున పెట్టి, ఒక్కొక్కటే కింది అరలోకి మార్చడం మొదలుపెట్టాను. కోపంగా ఉన్నప్పుడు నా చేతులు వేగంగా కదులుతాయి. మూడో సీసా మూత సరిగ్గా బిగించి లేదు. దాన్ని మూత పట్టుకునే ఎత్తాను. మూత నా చేతిలో ఉండిపోయింది, సీసా సింకులో పడింది. నేను వంగి పట్టుకునేలోపు నీళ్ళు గలగలమని గొట్టంలోకి పోయాయి. గుక్కెడు మిగిలాయి.

ఆ గుక్కెడైనా ఉంచాల్సింది. ఆయన తిరిగొచ్చాక చేయి జారిందని చెప్పాల్సింది. మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేవారు, నాలుగు రోజులు ముఖం ముడుచుకునేవారు, అంతే. కానీ సీసా విలువ చెప్పాలా అన్న మనిషి ముందు సీసా పారబోశానని ఎలా నిలబడను? నాకు అప్పుడు తోచింది ఒక్కటే. ఆ గుక్కెడూ పారబోసి, సీసాని మా కుళాయి కింద పట్టాను. ఒకసారి కడిగి పారబోశాను. రెండోసారి. మూడోసారి. కాలేజీలో మా మేడమ్ రెండుసార్లు కడిగి ఊరుకున్నవాళ్ళని బయట నిలబెట్టేవారు. మూడుసార్లు కడిగాక అంచు దాకా నింపాను. గాలి బుడగ మిగలకుండా సీసాని నొక్కి మూత బిగించాను. అంకె చెరగకుండా అద్ది అద్ది తుడిచాను. ఇంత పద్ధతిగా నేను ఏ తప్పూ చేయలేదు.

గుమ్మంలోంచి అత్తగారు చూస్తూనే ఉన్నారు. "సీసా కడిగినా నీ తర్వాతేనమ్మాయ్" అన్నారు, నిజంగా మెచ్చుకుంటూ.

మూడో గేటు నీళ్ళు ఎప్పుడూ బాగుంటాయని ఆయన నోటే ఎన్నోసార్లు విన్నాను. ఒక్క నెలకి ఏమౌతుందిలే అనుకున్నాను. ఆ శనివారం అక్కడ ఆయన ఏం చూశారో మాత్రం నాకు తెలియదు. చెప్పే సందు నేనివ్వలేదు. ఆయన తిరిగొచ్చి, సీసాలు కింది అరలో ఉండటం చూసి, మధ్య అరలో నిమ్మరసం చూసి, ఫ్రిజ్ తలుపు మెల్లగా మూసేశారు. నేను గెలిచాననే అనుకున్నాను.

గురువారం ఆయన ఆఫీసు నుంచి తల గోక్కుంటూ వచ్చారు. నది ఒడ్డునే నీళ్ళలో ముంచి చూసే చిన్న మీటరు ఒకటి ఆయన జేబులో ఉంటుంది. నీళ్ళలో ఉప్పు ఎంతుందో అంకెలో చెబుతుంది. ఒకటి లోపుంటే ఏ పంటకైనా భయం లేదు. మూడు దాటితే సున్నితమైన మొక్కలు మాడిపోతాయి. ఆ శనివారం మూడో గేటు దగ్గర మీటరు మూడు పాయింట్ ఒకటి చూపించిందట. రాళ్ళ మీద తెల్లటి చారలు కూడా ఉన్నాయట. వేసవికి నది సన్నబడింది. రెండో గేటు దాటాక, తోళ్ళని ఉప్పులో ఊరబెట్టే షెడ్ల కాలువ వచ్చి కలుస్తుంది. అదే కారణమై ఉంటుందని ఈయన పుస్తకంలో రాసుకున్నారు. ల్యాబ్‌లో చూస్తే మూడో సీసా సున్నా పాయింట్ నాలుగు. పైనున్న రెండు గేట్ల కన్నా తక్కువ. నాలుగో గేటు నది ఇంకో పాయ మీద ఉంది, ఆ కాలువ అటు పోదు కాబట్టి దానితో పోల్చడానికి లేదు.

"కిందికి పోయేకొద్దీ నది బాగుపడటం ఎక్కడైనా ఉందా?" అని ఆయన నన్నడిగారు. నేను పొయ్యి వైపు తిరిగి గరిటె తిప్పుతున్నాను. ఆయన ఆఫీసరు దీనికి, వయసు పెరిగేకొద్దీ నదికి బుద్ధొచ్చిందేమోలే అన్నాడట. అందరూ నవ్వారట. ల్యాబ్ మిషను అబద్ధం చెప్పదనీ, జేబులో మీటరు రెండుసార్లు కిందపడిందని తనకి తెలుసనీ కూడా అన్నాడట. ఈయన మీటరుని రిపేరుకి పంపారు. పుస్తకంలో మూడు పాయింట్ ఒకటిని ఒక గీతతో కొట్టేసి, పక్కన సున్నా పాయింట్ నాలుగు రాసి సంతకం పెట్టారు. శుక్రవారం మూడో గేటు తెరిచారు.

అప్పుడైనా నోరు తెరవచ్చు. తెరవలేదు. ఆ రాత నేను మర్నాడు చూశాను, పుస్తకం బల్ల మీద తెరిచి ఉంటే. ఆయనది గుండ్రటి, జాగ్రత్తైన చేతిరాత. ఆ ఒక్క గీత మాత్రం కాగితం చిరిగేలా పడింది.

మూడో గేటు కింద ముప్ఫై పొలాల దాకా ఉన్నాయి. వాటిలో చిట్టచివరిది మా ఆడపడుచుది. ఆయనకి అక్క, నాకు వదిన. కాలువ చివర ఉన్నవాళ్ళకి నీళ్ళు అందితే అదృష్టం, అందకపోతే అలవాటు అని నవ్వుతూ చెప్పే మనిషి. మిగతావాళ్ళందరూ దేనికైనా తట్టుకునే మొండి పంటలు వేస్తే, ఆవిడ ఈ ఏడు పట్టుబట్టి బీన్స్ వేసింది. ఆ ఆలోచన ఆవిడదే. విత్తనం తెచ్చిందీ, ఎరువు చల్లిందీ ఆవిడే. వాళ్ళాయన, నేను అన్నయ్యగారనే ఆయన, ముందునుంచీ వద్దన్నాడు.

తడి పెట్టిన రెండు వారాలకి ఆకుల అంచులు మాడటం మొదలైంది. పక్క పొలాల్లో పైరు కాస్త వడిలి మళ్ళీ లేచింది. వదిన బీన్స్ లేవలేదు. ఆఫీసులో ఫిర్యాదు ఇస్తే, నీళ్ళ రిపోర్టు చూపించి పంపేశారు. నీళ్ళు తాగేంత బాగున్నాయి, మీరే ఎరువు ఎక్కువ చల్లి ఉంటారన్నారు. ఆ మాట పట్టుకుని అన్నయ్యగారు గట్టు మీద పదిమందిలో, "మా ఆవిడ అంతే, కూరలో ఉప్పేసినట్టే ఎరువూ వేస్తుంది" అన్నాడట. ఫోన్లో ఇది చెబుతూ వదిన నవ్వింది. మాట పూర్తి కాకుండానే ఫోన్ పెట్టేసింది.

అత్తగారు కూతుర్ని చూస్తానంటే నేనే తీసుకెళ్ళాను. చూడకుండా ఉండలేకపోయానన్నదే అసలు నిజం. చేను వరసలు వరసలుగా, ఎవరో అగ్గిపుల్ల ముట్టించినట్టు ప్రతి ఆకూ అంచుల నుంచి లోపలికి గోధుమరంగుకి తిరిగింది. సాళ్ళ మధ్య ఎండిన మట్టి మీద తెల్లగా పొర కట్టింది. అది ఎరువేనని, ఎక్కువైంది పైకి తేలిందని ఆఫీసువాళ్ళు చెప్పారట. నేను కూర్చుని, చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. నికార్సైన ఉప్పు, నోరు ముడుచుకుపోయేంత.

వదిన వెనక నుంచి చూసింది. "ఏంటమ్మాయ్, మట్టి తింటున్నావు? ఈ వయసులో విశేషమా?"

అత్తగారు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుంది. నోట్లో ఆ ఉప్పు పెట్టుకుని, ఆవిడ ముఖంలోకి చూస్తూ నవ్వాను. తర్వాత ఆవిడ ఇచ్చిన చెంబుడు నీళ్ళతో నోరు పుక్కిలించాను. గట్టు దిగుతుంటే ఆవిడ నా చేయి పట్టుకుని, తమ్ముడి ఆఫీసు మీద తనకేం కోపం లేదనీ, వాడు నిజాయితీగా చేస్తాడని అందరికీ తెలుసనీ, తన చెయ్యే మంచిది కాదేమోననీ అంది. మళ్ళీ వేస్తుందట. రెండో తడికి గేటు వచ్చే బుధవారం తెరుస్తారు, ఆలోపు విత్తనం నాటాలి అంది.

దారంతా లెక్క వేసుకున్నాను. రెండో తడీ ఆ పాత రిపోర్టు మీదే వదులుతారు. ఈయన మళ్ళీ సీసాలు నింపే వంతు రావడానికి ఇంకా పది రోజులుంది. ఆలోపు రెండో విత్తనం కూడా ఆ నీళ్ళే తాగుతుంది. చెబితే ఆగుతుంది. చెబితే, ఆ సీసా రెండు రోజులు మా ఫ్రిజ్‌లో ఎందుకుందని ఈయన్ని అడుగుతారు. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఆయన మీద ఒక్క కాగితం లేదు. మొదటి కాగితం నా వల్ల పడుతుంది. ఆయన కోసమే ఊరుకుంటున్నానని రెండు రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. నా ముఖం నేను కాపాడుకుంటున్నాను.

శనివారం మీటరు రిపేరు నుంచి వచ్చింది. ఏ లోపమూ లేదని చీటీ రాసి ఇచ్చారు. ఆయన అది నమ్మలేక, వంటింట్లోకి వచ్చి, గ్లాసులో మా కుళాయి నీళ్ళు పట్టి అందులో మీటరు ముంచారు. నేను కూరగాయలు తరుగుతున్నాను. అంకె నిలబడటానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ నేను కత్తి కదపలేదు.

"సున్నా పాయింట్ నాలుగు" అన్నారాయన. "చూశావా? మన కుళాయీ, మూడో గేటూ ఒకటేనట. ఇంక బిల్లు కట్టడం దేనికి, బిందె తీసుకుని నదికే పోదాం."

నవ్వి, నేనేమైనా అంటానేమోనని ఆగారు. కెమిస్ట్రీ చదివినదాన్ని కదా, ఏదైనా చెబుతానని. నేను తల దించుకుని తరిగిన ముక్కలే మళ్ళీ తరిగాను. ఆయన గ్లాసులో నీళ్ళు సింకులో పోసి, మీటరుని గుడ్డతో తుడిచి, "దీన్ని అనవసరంగా అనుమానించాను. లేక నన్నే అనుమానించుకోవాలో" అంటూ పెట్టెలో పెట్టుకున్నారు. తనమీద తనకి నమ్మకం పోయిన మనిషి ఎలా నడుస్తాడో ఆ రోజు చూశాను. వంటింట్లోంచి ముందుగదికి పది అడుగులు. వాటిలోనే కనిపించింది.

మర్నాడు ఆదివారం భోజనానికి వదినా, అన్నయ్యగారూ వచ్చారు. విత్తనం కొనడానికి ఊళ్ళోకి వచ్చి, పనిలో పనిగా తల్లిని చూద్దామని. విత్తనాల సంచి గుమ్మం పక్కన పెట్టారు. నాలుగు కుర్చీల బల్లకి ఐదో కుర్చీగా నా కుట్టుమిషను స్టూలు వేసి, అందరికీ వడ్డించి నేనూ కూర్చున్నాను.

కొంతసేపు మాటలు ఎటో తిరిగాయి. అన్నయ్యగారు కూర కలుపుకుని, మా ఇంట్లో ఉప్పు సరిగ్గా ఉంటుందని మెచ్చుకుని, ఓరకంట భార్య వైపు చూశాడు. అత్తగారు, "నీ నోట్లో కూడా సరిగ్గానే ఉంటే బాగుండు నాయనా" అన్నారు. మా ఆయన నవ్వి, అక్కకి పెరుగు వడ్డించబోతూ, ఈసారి ఎరువు ఎంత వేస్తున్నావని అడిగారు.

"నేనెక్కడ వేస్తాన్రా" అంది వదిన. పళ్ళెంలోకే చూస్తోంది. "ఈసారి నేను చేలోకి దిగను. అంతా మీ బావే చూసుకుంటాడు. నేను గట్టు మీద కూర్చుంటాను. నా చెయ్యి తగిలితే పంట మాడుతుందని అందరూ అంటుంటే, నాకూ అట్లాగే అనిపిస్తోంది."

అన్నయ్యగారు తినడం ఆపాడు. ఆయన హాస్యానికి అన్న మాట ఆవిడ ఇంత లోపలికి తీసుకుందని ఆయనకీ అప్పుడే తెలిసినట్టుంది. వదిన చెయ్యి బల్ల మీద ఉంది. గోళ్ళ చుట్టూ మట్టి గీతలు, ఎంత కడిగినా పోనివి. దాని పక్కనే నా చెయ్యి. ముడతలేని, శుభ్రమైన చెయ్యి.

"వదినా, రేపు విత్తనం నానబోయకండి" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు ఆశ్చర్యం. "మీ చేతిలో ఏం లేదు. ఆ నీళ్ళు ఉప్పునీళ్ళు. ల్యాబ్‌లో చూసింది మూడో గేటు నీళ్ళు కాదు. మా కుళాయి నీళ్ళు. సీసా నేను ఒలకబోశాను. ఒలకబోసి, మళ్ళీ నేనే నింపాను."

మా ఆయన పెరుగు గరిటె గిన్నెలో పెట్టారు. నావైపు చూడలేదు. లెక్క కడుతున్నట్టు బల్ల మీద వేలితో ఏదో రాస్తున్నారు. వేలు ఆపి, "నేను నా అంకె కొట్టేశాను" అన్నారు. అంతే. కోప్పడతారని ఎన్ని విధాలుగా ఊహించుకున్నానో, వాటిలో ఈ మాట లేదు.

అత్తగారు నా ముఖంలోకి చూస్తూ, "మూడుసార్లు కడిగావు కదమ్మాయ్" అన్నారు. "నేను మెచ్చుకున్నాను కూడా."

వదిన చెయ్యి బల్ల మీంచి తీసి, ఒళ్ళో పెట్టుకుని, అరచెయ్యి తిప్పి చూసుకుంది. ఆవిడ తిట్టినా, లేచి వెళ్ళిపోయినా నాకు తేలికయ్యేది. అన్నయ్యగారు మెల్లగా, "సీసా ఇంట్లో ఉందని తెలిస్తే బావమరిదికి మాట రాదా? అయిందేదో అయింది, గుట్టుగా గేటు ఆపించే దారి చూడండి" అన్నాడు. మా ఆయన తల ఎత్తారు. ఆ మాటకి ఆయన అవునంటారేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఇంతా చేసి, అప్పుడు కూడా.

ఆ ఆశ చూసుకున్నాకే మిగిలింది చెప్పగలిగాను.

"గుట్టుగా వద్దు. గుట్టుగా ఆపితే ఎరువు మాట వదిన మీద అట్లాగే ఉండిపోతుంది" అన్నాను. "రేపు పొద్దున నేనూ మీతో ఆఫీసుకి వస్తాను. జరిగింది కాగితం మీద రాసి, నా సంతకం పెట్టి ఆఫీసరుకి ఇస్తాను. సీసా ఇంటికి ఎందుకొచ్చిందో మీరు చెప్పండి, ఇంట్లో ఏమైందో నేను చెబుతాను. దాని తర్వాత మూడో గేటుకి వెళ్దాం, వదిన కూడా వస్తుంది. సీసాని ఆ నది నీళ్ళతోనే మూడుసార్లు కడిగి మీరే నింపండి. నేను ఒడ్డున నిలబడతాను. ముట్టుకోను."